బీరు హోల్‌సేల్ వ్యాపారం: లైసెన్సు నుంచి షెల్ఫు దాకా సమగ్ర మార్గదర్శి

లారీ వచ్చి గోడౌన్ దగ్గర ఆగగానే నేను సంతకం పెట్టను. ముందు పై వరుసలోంచి ఒక కేసు (బీరు పెట్టె), మధ్యలోంచి ఒకటి, అడుగునుంచి ఒకటి తీయించి, క్యాన్‌ను బోర్లించి కింద ముద్రించిన తేదీ చదువుతాను. కొన్ని బ్రూవరీలు (బీరు తయారీ కంపెనీలు) తేదీని నేరుగా వేస్తాయి. కొన్ని కోడ్ వేస్తాయి: ఏడాదికి రెండు అంకెలు, ఆ ఏడాదిలో ఎన్నో రోజో చెప్పడానికి మూడు అంకెలు. 25150 అని ఉంటే 2025లో 150వ రోజు, అంటే మే 30. ఆ ఐదంకెల్ని బట్టి ఆ లోడు నాకు లాభం తెస్తుందా, గుదిబండ అవుతుందా అన్నది సగం తేలిపోతుంది.

బీరు హోల్‌సేల్ అంటే చాలామంది లైసెన్సు, లారీలు, పెట్టుబడి గురించే ఆలోచిస్తారు. అవన్నీ కావాల్సిందే. కానీ ఈ వ్యాపారంలో డబ్బు పోయేది ఎక్కువగా తేదీల దగ్గరే. బీరు పాడై ప్రాణం మీదికి తెచ్చే సరుకు కాదు. రుచి మాత్రం రోజురోజుకీ తగ్గుతుంది, ఆ తగ్గుదల డిస్ట్రిబ్యూటర్ చేతిలో ఉన్నప్పుడు జరిగితే నష్టం డిస్ట్రిబ్యూటర్‌దే. కింద చెప్పే ప్రతి అడుగునూ ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుని చదవండి.

మొదటి అడుగు: మీరు వ్యాపారం చేసే చోట వ్యవస్థ ఏమిటో తెలుసుకోండి

ప్రపంచంలో బీరు హోల్‌సేల్ స్థూలంగా మూడు రకాలుగా నడుస్తుంది.

మొదటిది మూడంచెల పద్ధతి. దీనికి అమెరికా పెద్ద ఉదాహరణ. అక్కడ 1920లో మొదలైన మద్యనిషేధం 1933 డిసెంబరు 5న 21వ రాజ్యాంగ సవరణతో ముగిసింది. ఆ తర్వాత తయారీదారు, హోల్‌సేలర్, రిటైలర్ వేర్వేరుగా ఉండాలని రాష్ట్రాలు చట్టాలు చేసుకున్నాయి. నిషేధానికి ముందు బ్రూవరీలే సెలూన్లకు (అప్పట్లో బార్లను అలా పిలిచేవారు) డబ్బులిచ్చి, సామాన్లిచ్చి, తమ బీరు తప్ప వేరేది అమ్మనివ్వకుండా కట్టేసుకునేవి. ఆ కట్టు తెంచడానికే మధ్యలో డిస్ట్రిబ్యూటర్‌ను పెట్టారు. ఈ చరిత్ర తెలిస్తే అక్కడి నియమాలు చాలావరకు వాటంతట అవే అర్థమవుతాయి. దుకాణదారుకు ఉచితంగా ఫ్రిజ్ ఎందుకు ఇవ్వకూడదు, అప్పు ఎక్కువ రోజులు ఎందుకు ఇవ్వకూడదు అన్న ప్రశ్నలకు జవాబు అక్కడే ఉంది.

రెండోది ప్రభుత్వమే హోల్‌సేలర్‌గా ఉండే పద్ధతి. కెనడాలోని పలు ప్రావిన్సుల్లోనూ భారతదేశంలోని పలు రాష్ట్రాల్లోనూ ఇలా ఉంటుంది. ఇలాంటి చోట ప్రైవేటు వ్యక్తికి రవాణా, గోడౌనింగ్, బ్రూవరీ తరఫున మార్కెటింగ్ లాంటి పనుల్లోనే అవకాశం ఎక్కువ. డిస్ట్రిబ్యూటర్ అవుదామని పెట్టుబడి పెట్టి, ఆ తర్వాత ఈ సంగతి తెలుసుకోవద్దు.

మూడోది బ్రూవరీ తానే సరఫరా చేసుకోగలిగే, పబ్బులు కూడా నడపగలిగే పద్ధతి. బ్రిటన్ దీనికి పాత ఉదాహరణ. అక్కడ పెద్ద బ్రూవరీల చేతిలో పబ్బులు మరీ ఎక్కువయ్యాయని 1989లో ప్రభుత్వం పరిమితులు పెట్టింది. బ్రూవరీలు చాలా పబ్బులను వదులుకున్నాయి. కానీ వాటిలో చాలావరకు పెద్ద పబ్ కంపెనీల చేతికి వెళ్లాయి. కాబట్టి ఇలాంటి మార్కెట్లో మీరు బేరమాడాల్సింది ఒక్కో పబ్ యజమానితో కాకపోవచ్చు, వందల పబ్బులున్న కంపెనీతో కావచ్చు.

లైసెన్సు ఖర్చును లెక్క వేసేటప్పుడు ఫీజుతో ఆపేయకండి. గోడౌన్‌కు అనుమతి, బ్రాండ్ రిజిస్ట్రేషన్, ఎక్సైజ్ బాండు (పన్ను సరిగా కడతామని ఇచ్చే పూచీ), నెలనెలా దాఖలు చేయాల్సిన రిటర్నులు, అన్నీ కలపాలి. ఎక్సైజ్ విషయాలు తెలిసిన అకౌంటెంట్‌ను మొదటి రోజు నుంచే పెట్టుకోండి. ఇక్కడ పొదుపు చేసినవాళ్లు తర్వాత జరిమానాల రూపంలో అంతకంత కట్టడం చూశాను.

రెండో అడుగు: బ్రూవరీతో ఒప్పందం

ఒప్పందంలో అందరూ ముందు చూసేది ధర. నేను ముందు చూసేది నాలుగు విషయాలు.

ఏరియా మీ ఒక్కరిదేనా, లేక ఇంకొకరు కూడా అదే బ్రాండును అక్కడ అమ్మొచ్చా? బ్రూవరీని వేరే కంపెనీ కొనేస్తే మీ హక్కు ఏమవుతుంది? బ్రూవరీ మిమ్మల్ని మార్చాలనుకుంటే కారణం చూపాలా, పరిహారం ఇవ్వాలా? తేదీ దాటిన సరుకు ఖర్చు ఎవరిది?

రెండో ప్రశ్న ఊహకు వేసింది కాదు. 2008లో ఇన్‌బెవ్ సుమారు 5,200 కోట్ల డాలర్లకు అన్‌హైజర్-బుష్‌ను కొన్నది. 2016లో ఆ ఉమ్మడి కంపెనీయే శాబ్‌మిల్లర్‌ను 10,000 కోట్ల డాలర్లకు పైగా పెట్టి కలుపుకుంది. ఆ రెండో కొనుగోలుకు అనుమతి ఇచ్చేటప్పుడు అమెరికా న్యాయశాఖ డిస్ట్రిబ్యూటర్ల గురించి ప్రత్యేకంగా షరతులు పెట్టింది. కంపెనీ బీరులో 10 శాతానికి మించి సొంత డిస్ట్రిబ్యూటర్ల ద్వారా వెళ్లేలా కొత్తగా డిస్ట్రిబ్యూటర్లను కొనకూడదు, పోటీ బ్రాండ్లు అమ్ముతున్నారని స్వతంత్ర డిస్ట్రిబ్యూటర్లను ఇబ్బంది పెట్టకూడదు. ప్రభుత్వం వచ్చి ఆ మాట అనాల్సి వచ్చిందంటే, డిస్ట్రిబ్యూటర్ ఒంటరిగా ఎంత బలహీనుడో ఆలోచించండి. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఫ్రాంచైజ్ చట్టాలు డిస్ట్రిబ్యూటర్‌ను కాపాడతాయి. అలాంటి చట్టం లేని చోట మీకున్న కాపుదల మీ ఒప్పందమే.

నాలుగో ప్రశ్నకు మౌఖిక హామీతో సరిపెట్టుకోకండి. "చూసుకుందాంలే" అన్న సేల్స్ మేనేజర్ వచ్చే ఏడాది అదే కుర్చీలో ఉంటాడని ఎవరు చెప్పగలరు? గోడౌన్‌కు చేరేసరికి కనీసం ఇన్ని రోజుల గడువు మిగిలి ఉండాలని, లేకపోతే లోడు వెనక్కి పంపొచ్చని కాగితం మీద రాయించుకోండి.

మూడో అడుగు: గోడౌన్

బీరుకు శత్రువులు వేడి, వెలుతురు, ఆక్సిజన్, కాలం. ఆక్సిజన్ సంగతి బ్రూవరీ చూసుకోవాలి. మిగిలిన మూడూ మన బాధ్యత.

వేడి గురించి ఈ రంగంలో ఒక మోటు లెక్క ఉంది: 3-30-300. సుమారు 32 డిగ్రీల సెల్సియస్‌లో 3 రోజులు, 22 డిగ్రీల్లో 30 రోజులు, 3 డిగ్రీల్లో 300 రోజులు, ఈ మూడింటిలోనూ బీరు రుచికి జరిగే నష్టం దాదాపు ఒకటే. కచ్చితమైన సూత్రం కాదు, బీరును బట్టి మారుతుంది. కానీ ఎండలో నిలబెట్టిన లారీ మూడు రోజుల్లో ఎంత తినేస్తుందో చెప్పడానికి ఇంతకంటే సులువైన మాట నాకు తెలియదు.

నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒక రవాణా సంస్థ మా లోడును వారాంతం అంతా ఎండలో ఆపేసింది. కేసుల మీద తేదీ నిక్షేపంగా ఉంది. దించుకున్నాం. రెండు వారాల్లో దుకాణాల నుంచి ఒకటే మాట: "ఇదేంటండీ, తడిసిన అట్టపెట్టె వాసన వస్తోంది." బీరు ముదిరినప్పుడు వచ్చే వాసనే అది. ఆ రోజు నుంచి లారీలో ఉష్ణోగ్రత నమోదు చేసే చిన్న పరికరం లేకుండా దూరం నుంచి ఏ లోడూ తెప్పించలేదు.

వెలుతురు సంగతి క్లుప్తంగా చెబుతాను. పచ్చ, తెల్ల సీసాల్లోని బీరు మీద ఎండ గానీ తీవ్రమైన లైటు గానీ పడితే హాప్స్‌లోని (బీరుకు చేదునిచ్చే పువ్వుల్లోని) పదార్థాలు విడిపోయి దుర్వాసన పుడుతుంది. గోధుమరంగు సీసా కొంత ఆపుతుంది, క్యాన్ పూర్తిగా ఆపుతుంది. సీసాల కేసులను కిటికీ పక్కన పేర్చొద్దు.

పేర్చే పద్ధతిలో ఒక పొరపాటు చాలా గోడౌన్లలో కనిపిస్తుంది. ముందొచ్చింది ముందు పంపుతుంటారు. అది సగమే సరైనది. ఆలస్యంగా వచ్చిన లోడులో పాత తేదీ సరుకు ఉండొచ్చు. గడువు ఏది ముందు ముగుస్తుందో అది ముందు వెళ్లాలి. ప్రతి పాలెట్ (కేసులు పేర్చే చెక్క పలక) మీద దూరం నుంచి కనిపించేంత పెద్ద అక్షరాలతో గడువు తేదీ రాయించండి. కంప్యూటర్‌లో ఉంది కదా అంటారు. ఫోర్క్‌లిఫ్ట్ నడిపే మనిషికి కంప్యూటర్ కనిపించదు.

కెగ్గుల (బార్లకు బీరు పంపే పెద్ద లోహపు పీపాల) దగ్గర రెండు జాగ్రత్తలు. మొదటిది బరువు. 50 లీటర్ల కెగ్ నిండుగా ఉంటే 60 కిలోలు దాటుతుంది. అమెరికాలో వాడే 58.7 లీటర్ల హాఫ్ బ్యారెల్ 70 కిలోలు దాటుతుంది. ఒక్క మనిషితో ఎత్తించొద్దు. రెండోది కార్బన్ డయాక్సైడ్. డ్రాఫ్ట్ (కెగ్ నుంచి కుళాయి ద్వారా బీరు పోసే) పరికరాల కోసం ఆ గ్యాస్ సిలిండర్లు ఉండే మూసిన చల్లటి గదిలో లీకు అయితే రంగు తెలియదు, వాసన తెలియదు, మనిషి కుప్పకూలిపోతాడు. గ్యాస్ అలారం లేని గదిలోకి మీ మనిషిని పంపకండి.

నాలుగో అడుగు: ఎంత ఆర్డరు పెట్టాలి

ఈ వ్యాపారానికి గుండెకాయ ఇదే. అందుకే లెక్క వేసి చూపిస్తాను.

ఒక బీరుకు మొత్తం గడువు 120 రోజులు అనుకుందాం. బ్రూవరీలో, దారిలో 20 రోజులు పోతాయి. మీ చేతికి వచ్చేసరికి 100. దుకాణదారు కనీసం 60 రోజుల గడువు ఉంటేనే తీసుకుంటాడు. అంటే మీ గోడౌన్‌లో ఆ సరుకు ఉండగలిగేది 40 రోజులే. రోజుకు 40 కేసులు కదులుతున్నాయంటే మీ దగ్గర ఎప్పుడూ 1,600 కేసులకు మించి ఉండకూడదు.

ఇక ఆర్డరు పెట్టాక సరుకు రావడానికి 10 రోజులు పడుతుందనీ, ఆలస్యాలకు 5 రోజుల నిల్వ ఉంచుకుంటారనీ అనుకుంటే, స్టాకు 600 కేసులకు దిగగానే మళ్లీ ఆర్డరు పెట్టాలి.

ఇప్పుడు అసలు ప్రమాదం చూడండి. మీ దగ్గర 1,600 కేసులు ఉండగా అమ్మకం రోజుకు 40 నుంచి 25కి పడిపోయింది. ఆ స్టాకు ఖాళీ కావడానికి ఇప్పుడు 64 రోజులు పడుతుంది. మీకున్నవి 40. మిగిలిన 24 రోజుల సరుకు, అంటే 600 కేసులు, దుకాణదారు తీసుకోని సరుకు. నెల చివర రిపోర్టులో చూసేసరికి ఆలస్యమైపోతుంది. అందుకే ప్రతి సోమవారం ఒక్కో రకానికి చేతిలో ఎన్ని రోజుల స్టాకు ఉందో, దుకాణదారు తీసుకునే గడువు ఇంకా ఎన్ని రోజులు ఉందో పక్కపక్కనే పెట్టి చూడాలి. మొదటి అంకె రెండోదాన్ని దాటిన రకాలకు ఆ రోజే ఆర్డరు ఆపేయాలి. టెన్షన్ పడాల్సింది అప్పుడే, ఎక్స్‌పైరీ నెలలో కాదు.

బ్రూవరీ సేల్స్ వాళ్లు క్వార్టరు చివర్లో వచ్చి "ఇంకో లోడు ఎత్తండి, డిస్కౌంటు ఇస్తాం" అంటారు. పైన చెప్పిన లెక్కలో చోటు ఉంటే తీసుకోండి. లేకపోతే మొహమాటం లేకుండా వద్దనండి. వాళ్ల టార్గెట్ మీ గోడౌన్‌లో పాతబడకూడదు.

ఐదో అడుగు: డబ్బు లెక్క

కొత్తవాళ్లు తడబడేది మార్కప్‌కూ మార్జిన్‌కూ తేడా దగ్గర. 100కు కొని 130కి అమ్మితే మార్కప్ 30 శాతం, కానీ మార్జిన్ 30ని 130తో భాగిస్తే వచ్చే 23 శాతమే. 30 శాతం మార్జిన్ రావాలంటే సుమారు 143కి అమ్మాలి. జీతాలు, డీజిలు, అద్దె, కరెంటు అన్నీ ఈ మార్జిన్‌లోంచే రావాలి.

ఇప్పుడు పాడైన సరుకు సంగతి. 20 కేసులు 100 చొప్పున కొన్నారు, పెట్టుబడి 2,000. అన్నీ 130కి అమ్మితే మిగులు 600. ఒక్క కేసు గడువు దాటి పారబోశారు. 19 కేసుల మీద వచ్చేది 2,470, మిగులు 470. సరుకులో 5 శాతం పోతే స్థూల లాభంలో ఐదో వంతుకు పైగా పోయింది. పైగా పారబోయడం కూడా ఊరికే కాదు. ఎక్సైజ్ వారికి చెప్పాలి, కాలువలోకి వదలకూడదు, కట్టిన పన్ను వెనక్కి రాబట్టుకోవాలంటే కాగితాలు పక్కాగా ఉండాలి.

తర్వాత నగదు. సరుకు గోడౌన్‌లో 30 రోజులు ఉంటుంది, దుకాణదారు 21 రోజులకు కడతాడు, బ్రూవరీకి మీరు 15 రోజుల్లో కట్టాలి. 36 రోజుల ఖర్చు మీ జేబులోంచే తిరుగుతుంటుంది. అమ్మకాలు పెరిగే కొద్దీ ఈ మొత్తం పెరుగుతుంది. బాగా నడుస్తున్న డిస్ట్రిబ్యూటర్ హఠాత్తుగా చేతులెత్తేయడానికి తరచూ ఇదే కారణం. అప్పు ఎన్ని రోజులు ఇవ్వొచ్చో కూడా కొన్నిచోట్ల చట్టమే చెబుతుంది. అమెరికా ఫెడరల్ నిబంధనల్లో 30 రోజులు దాటిన అప్పును రిటైలర్‌కు ఇచ్చే ప్రలోభంగా చూస్తారు. కొన్ని రాష్ట్రాల్లో బీరుకు సరుకు దించగానే నగదు కట్టాలి.

ఖాళీ కెగ్గులను డబ్బుగానే లెక్కపెట్టండి. కెగ్ ఇచ్చేటప్పుడు కట్టించుకునే డిపాజిట్ కంటే కెగ్ విలువ ఎక్కువ. తిరిగి రాని ప్రతి కెగ్ నష్టమే.

ఆరో అడుగు: రూటు

దీని గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. సేల్స్ మనిషి ముందు రోజు వెళ్లి ఆర్డరు రాసుకుని, లారీ మర్నాడు దించి వచ్చే పద్ధతి చాలామందికి సరిపోతుంది. ఒక్కో ఆగుదలకు ఎంత ఖర్చవుతుందో లెక్కగట్టి, ఆ ఖర్చు రాబట్టని చిన్న ఆర్డర్లకు కనీస కేసుల పరిమితి పెట్టండి. చివర దిగాల్సింది ముందు ఎక్కించండి.

ఏడో అడుగు: సరుకు దించాక కూడా మీ పని ఉంది

దుకాణం ఫ్రిజ్‌లో కొత్త సరుకు వెనక్కి, పాత సరుకు ముందుకు జరపడం మీ మనిషి చేయాలి. దుకాణదారుకు నూట ఎనిమిది పనులు. ఆయన ముందు ఖాళీ ఉన్నచోట పెట్టేస్తాడు, వెనక ఉన్నది అక్కడే ముదురుతుంది.

డ్రాఫ్ట్ బీరు దగ్గర మరింత శ్రద్ధ కావాలి. కెగ్ 3 డిగ్రీల దగ్గర ఉండాలి. దారిలో వేడెక్కిన కెగ్ మళ్లీ చల్లబడటానికి దాదాపు రోజంతా పడుతుంది. ఆలోపు బిగిస్తే నురగే వస్తుంది, బార్ వాళ్లు మీ బీరే బాగోలేదంటారు. పాశ్చరైజ్ చేయని (వేడితో సూక్ష్మజీవులను చంపని) కెగ్ చల్లగా ఉంచినా 45 నుంచి 60 రోజులు, చేసినది 90 నుంచి 120 రోజులు అన్నది సాధారణ లెక్క.

కెగ్ నుంచి కుళాయి దాకా ఉండే పైపులను కనీసం రెండు వారాలకోసారి కాస్టిక్ ద్రావణంతో శుభ్రం చేయాలి. చేయకపోతే లోపల బ్యాక్టీరియా పొర కడుతుంది, వెన్న వాసన, పులుపు మొదలవుతాయి. శుభ్రం చేసే బాధ్యత ఎవరిదన్నది ప్రాంతాన్ని బట్టి మారుతుంది. ఎవరిదైనా సరే, మీ మనిషి నెలకోసారైనా ఆ కుళాయి నుంచి ఒక గ్లాసు పట్టి వాసన చూడాలి. తాగేవాడు పైపును తిట్టడు, గ్లాసు మీదున్న పేరును తిడతాడు.

ఎనిమిదో అడుగు: మార్కెట్ ఎటు పోతోందో చూడండి

ప్రపంచంలో ఏటా తయారయ్యే బీరు సుమారు 190 కోట్ల హెక్టోలీటర్లు (ఒక హెక్టోలీటరు అంటే 100 లీటర్లు). చైనా మొదటి స్థానంలో, అమెరికా, బ్రెజిల్ తర్వాతి స్థానాల్లో ఉన్నాయి. పరిమాణం పెద్దదే, కానీ పాత మార్కెట్లలో పెరుగుదల ఆగింది. గాలప్ సంస్థ 2025 సర్వేలో మద్యం తాగుతామన్న అమెరికన్ పెద్దలు 54 శాతమే. దాదాపు 90 ఏళ్లుగా ఆ సంస్థ అడుగుతున్న ఈ ప్రశ్నకు ఇదే అతి తక్కువ. మొత్తం కేసులు పెరుగుతాయన్న ధీమాతో గోడౌన్ కట్టే రోజులు అక్కడ పోయాయి.

నిలకడ అనుకున్న బ్రాండ్లు కూడా కదులుతున్నాయి. అమెరికాలో రెండు దశాబ్దాలకు పైగా మొదటి స్థానంలో ఉన్న బడ్ లైట్‌ను 2023లో మోడెలో ఎస్పెషల్ రిటైల్ అమ్మకాల విలువలో దాటేసింది. ఒకే పెద్ద బ్రాండు మీద బతికే డిస్ట్రిబ్యూటర్‌కు ఆ ఏడాది ఎలా గడిచి ఉంటుందో ఊహించుకోండి. ఏ ఒక్క బ్రాండూ మీ స్థూల లాభంలో సగం దాటకుండా చూసుకోవడం మంచిదని నా అభిప్రాయం.

క్రాఫ్ట్ బీరు (చిన్న, స్వతంత్ర బ్రూవరీల బీరు) వేరే పాఠం నేర్పింది. 1970ల చివర్లో అమెరికాలో వందలోపు ఉన్న బ్రూవరీలు 9,000 దాటాయి. డిస్ట్రిబ్యూటర్లు ఒక్కొక్కరు వందల రకాలు ఎత్తుకున్నారు. ప్రతి కొత్త రకానికీ గోడౌన్‌లో చోటు, కంప్యూటర్‌లో ఎంట్రీ, సేల్స్ మనిషి టైము కావాలి. 2024కు వచ్చేసరికి అక్కడ తెరుచుకున్న క్రాఫ్ట్ బ్రూవరీల కంటే మూతపడ్డవి ఎక్కువ. మూతపడిన బ్రూవరీ పాత సరుకును వెనక్కి తీసుకోదు.

హార్డ్ సెల్ట్జర్ (ఆల్కహాల్ ఉన్న సోడా లాంటి పానీయం) కథ ఇంకా వేగంగా జరిగింది. 2019, 2020ల్లో సరుకు దొరక్క దుకాణాలు ఎదురుచూశాయి. 2021లో పెరుగుదల ఒక్కసారిగా మందగించింది. ట్రూలీ సెల్ట్జర్ తయారుచేసే బోస్టన్ బీర్ కంపెనీ, సరుకు పాతబడక ముందే లక్షల కేసులను నాశనం చేయాల్సి వచ్చింది. అంత పెద్ద కంపెనీయే అంచనా తప్పినప్పుడు, రేపటి కొత్త క్రేజును మనం ఎలా ఎత్తుకోవాలి? చిన్నగా. మొదటి ఆర్డరు 30 రోజులకు సరిపడా మాత్రమే, కొద్ది దుకాణాల్లోనే. చూడాల్సింది మొదటి ఆర్డర్లు కాదు, కొత్తదనానికి ఎవరైనా ఒకసారి కొంటారు. అదే దుకాణం రెండోసారి, మూడోసారి అడిగిందా అన్నదే చూడాలి.

ఆల్కహాల్ లేని బీరు మీద మాత్రం నాకు నమ్మకం ఉంది. హైనెకెన్ 0.0 2017లో వచ్చాక పెద్ద బ్రూవరీలు దీన్ని పక్క సరుకుగా చూడటం మానేశాయి. తాగి డ్రైవ్ చేయకూడదనుకునేవాళ్లు, ఆరోగ్యం చూసుకునేవాళ్లు మామూలు బీరుతో పాటే కొంటున్నారు. కొన్నిచోట్ల మద్యం లైసెన్సు లేని దుకాణాలకూ అమ్మొచ్చు. అయితే ఆల్కహాల్ లేనందున సూక్ష్మజీవులు త్వరగా పెరిగే ప్రమాదం ఎక్కువ. క్యాన్లు, సీసాల వరకు సరే. డ్రాఫ్ట్‌లో ఇవ్వాలంటే పైపుల శుభ్రత మీద రెట్టింపు పట్టు ఉండాలి.

ప్యాకింగ్ సంగతి కూడా చూడండి. క్యాన్లు తేలిక, పగలవు, లారీలో ఎక్కువ పడతాయి. కానీ అల్యూమినియం దిగుమతి సుంకం అమెరికాలో 2018లో 10 శాతం ఉన్నది 2025 జూన్‌కల్లా 50 శాతానికి చేరింది. ఆ భారం బ్రూవరీ ధరల పట్టికలోకి ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. ధర పెంచేటప్పుడు మీకు ఎన్ని రోజుల ముందు చెప్పాలో కూడా ఆ ఒప్పందంలోనే రాయించుకోండి.

2020లో కోవిడ్‌తో బార్లు మూతపడినప్పుడు కెగ్గుల మీదే నడిచిన డిస్ట్రిబ్యూటర్లు తేదీలు దాటిపోతున్న కెగ్గులను చూస్తూ కూర్చోవాల్సి వచ్చింది. దుకాణాలకు క్యాన్లు కూడా పంపుతున్నవాళ్లు అదే లారీలతో నిలదొక్కుకున్నారు. మీరు మొదలుపెట్టేటప్పుడు బార్ల ఆర్డర్లు ఎంత ఆకర్షణీయంగా కనిపించినా, మొదటి ఏడాదే దుకాణాల రూటు ఒకటి కూడా కట్టుకోండి.